బెట్ట ఎవరిని బలపరుస్తుంది?

బెంగళూరులో ఉద్యోగం చేసే అనంతపురం వాళ్లకి ఒక కితాబు ఉచితంగా దొరుకుతుంది. "మీ సీమవాళ్లు గట్టి మనుషులు, దేన్నైనా తట్టుకుంటారు" అని. రిలీజ్ రోజు తెల్లవారుజామున మూడింటికి ఇంకా కళ్లు తెరుచుకుని కూర్చుంటే అంటారు. క్యాంటీన్ తిండి బాగాలేదని గొడవ చెయ్యకపోతే అంటారు. రెండువందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊరి గురించి వాళ్లకి తెలిసినవి రెండే ముక్కలు: అక్కడ వానలు పడవు, అక్కడి మనుషులు పడిపోరు. రెండోది మొదటిదాంట్లోంచే పుట్టిందని వాళ్ల నమ్మకం.

ఆ నమ్మకం వాళ్లొక్కరిదే అనలేం. ర్యాంకర్ల ఇంటర్వ్యూల్లో, మోటివేషన్ వీడియోల్లో, ఆడియో ఫంక్షన్లలో హీరోల ప్రసంగాల్లో వినిపించేది ఇదే. కష్టాలు పడ్డాడు, అందుకే పైకొచ్చాడు. నీట్షే 1888లో ఈ భావాన్నే ఒక చిన్న సూక్తిగా రాసుకున్నాడు. అది ఇప్పుడు జిమ్ గోడల మీద, టీషర్టుల మీద ఉంది. ఆ మరుసటి జనవరిలోనే ఆయన ట్యూరిన్‌లో కుప్పకూలి, చివరి పదకొండేళ్లు ఇతరుల సంరక్షణలోనే గడిపాడు. జబ్బుని చూపించి ఒక ఆలోచనని కొట్టెయ్యడం న్యాయం కాదనుకోండి. కానీ టీషర్టు వేసుకునేవాళ్లకి ఆ పదకొండేళ్ల సంగతి ఎవరూ చెప్పరు.

ఇది నిజమేనా? నిజమైతే ఎప్పుడు, ఎవరి విషయంలో? ఇంకో ప్రశ్న కూడా ఉంది, నాకు అసలు ముఖ్యమనిపించేది అదే: ఈ మాట వల్ల ఎవరికి లాభం?

*

ముందు మాటల్ని విడదీసుకోవాలి. "తట్టుకున్నాడు" అన్నప్పుడు మూడు వేర్వేరు సంగతుల్ని ఒకే మూట కడుతున్నాం. ఒకటి, బతికి బయటపడటం. రెండు, అలవాటు పడటం: నాలుగు రోజులకోసారి నీళ్లొస్తే ఆ నాలుగు రోజులకి సరిపడా బతుకుని కుదించుకోవడం. మూడు, బలపడటం: ఇంతకుముందు చేతకాని పని ఇప్పుడు చేతకావడం, లేదా అలాంటి దెబ్బే మళ్లీ తగిలితే ఈసారి తక్కువ నష్టంతో బయటపడటం. మొదటి రెండూ కంటికి కనబడతాయి. అవి కనబడ్డచోట మూడోది కూడా ఉందని ఊహించుకుంటాం. తిరకాసంతా ఇక్కడే.

మన సామెతలకి ఈ సంగతి బాగా తెలిసినట్టుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. కరువులో అధికమాసం. మూలిగే నక్క మీద తాటిపండు. ఒక కష్టం ఇంకో కష్టాన్ని ఎదుర్కోవడానికి సిద్ధం చేస్తుందని వీటిలో ఒక్కటీ అనదు. మొదటి దెబ్బ తగిలినచోటే రెండో దెబ్బ తగులుతుందని, అది ఇంకా ఎక్కువ నొప్పిస్తుందని అంటాయి. నిప్పులో కాలితేనే బంగారానికి వన్నె అనే మాట కూడా ఉంది కదా అని అడగొచ్చు. ఉంది. కానీ ఆ నిప్పు దగ్గర ఒక కంసాలి కూర్చుని ఉంటాడు. ఎంత సేపు కాల్చాలో, ఎప్పుడు బయటికి తియ్యాలో అతనికి తెలుసు. ఆ బంగారం అతనికి కావాలి కూడా. కరువు దగ్గర అలా ఎవరూ కూర్చుని లేరు.

*

అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి జిల్లాలోంచి విడిపోయి ఏర్పడింది. అంతకు నాలుగైదేళ్ల ముందే, 1876-78లో, పెద్ద కరువొకటి ఈ నేలని తొక్కుకుంటూ పోయింది. ధాత సంవత్సరంలో మొదలైంది కాబట్టి ధాత కరువు అన్నారు. 1881 జనాభా లెక్కలు తీసేసరికి బళ్ళారి జిల్లా జనం పదేళ్ల కిందటి కంటే దాదాపు ఐదో వంతు తగ్గిపోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్లొదిలి పోయారు. ఇవాళ "మా పెద్దలు ధాత కరువునే దాటినోళ్లు" అని చెప్పుకునే ప్రతి ఒక్కరూ మిగిలినవాళ్ల మునిమనవలే. పోయినవాళ్ల తరఫున చెప్పడానికి మునిమనవలు లేరు. మన దగ్గరికొచ్చిన సాక్ష్యమంతా ఒక పక్షం నుంచే వచ్చింది.

దీనికి మా జిల్లాలో ఒక మంచి పోలిక ఉంది. తొలకరి వాన పడగానే వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో జనం తలలు వంచుకుని నడుస్తుంటారు. వాన నీళ్లకి మన్ను కొట్టుకుపోయి వజ్రాలు పైకి తేలతాయని. ఎక్కడెక్కడి నుంచో వస్తారు, చెట్ల కింద వండుకుంటారు. ఎప్పుడో ఒకరికి దొరుకుతుంది. మర్నాడు పేపర్లో వార్త. దొరకని వందలమంది ఎండలో తిరిగి, కూలి పోగొట్టుకుని, రంగురాళ్లు మూటగట్టుకుని ఇంటికి పోయారని ఏ పేపరూ రాయదు. ఆ వార్తలు మాత్రమే చదివేవాడికి ఎండలో తిరగడం వజ్రాలు సంపాదించే పద్ధతిలా కనబడుతుంది. కరువు సీమ నుంచి కలెక్టరైన కుర్రాడి కథని మనం చదివేది సరిగ్గా ఇలాగే.

ఇంకో చిక్కు కూడా ఉంది. కష్టంలోంచి నేర్చుకోవాలంటే, మనం చేసిన పనికీ వచ్చిన ఫలితానికీ ఏదో సంబంధం ఉండాలి. పైసలన్నీ పెట్టి విత్తనం వేశాక వాన వస్తుందా రాదా అన్నది రైతు చేతిలో లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు అంటారు గానీ ఆ సగటు ఏ పొలంలోనూ కురవదు. సింగమనేని నారాయణ తన కథల సంపుటికి "జూదం" అని పేరు పెట్టింది ఊరికే కాదు. పదిసార్లు ఓడిన జూదరికి పదకొండో ఆటలో నైపుణ్యం పెరిగి ఉండదు, అప్పు పెరిగి ఉంటుంది.

*

మా అవ్వ 1952 కరువుని చూసింది. రాయలసీమంతా గంజి కేంద్రాలు తెరిచిన కరువు అది. విద్వాన్ విశ్వం "పెన్నేటి పాట" వచ్చింది కూడా ఆ దశాబ్దంలోనే. తరిమెలలో పుట్టిన ఆ కవి తన రంగణ్ణి, గంగమ్మని వీరులుగా నిలబెట్టలేదు, ఆకలిగొన్న మామూలు మనుషులుగా చూపించాడు. మా అవ్వకి అప్పుడు పన్నెండేళ్లు ఉంటాయేమో. చెంబు పట్టుకుని వరుసలో నిలబడిన పిల్లల్లో తనొకతి.

మా ఇంట్లో ఆమెని అందరూ "గట్టి మనిషి" అనేవాళ్లు. తాత పోయినప్పుడు కళ్లల్లో నీళ్లు పెట్టుకోలేదని దాన్ని కూడా ఆమె గొప్పతనంలోనే జమచేశారు. ఆమె గదిలో మూలన ఒక బాన ఉండేది. దాని నిండా కొర్రలు. కొత్త పంట ఇంటికి చేరేదాకా అందులో చెయ్యి పెట్టకూడదు. పురుగు పడితే ఎండబోసి, చెరిగి, మళ్లీ అందులోనే పోసేది. ఇంట్లో రేషన్ బియ్యం, కొన్న బియ్యం రెండూ ఉన్న రోజుల్లో కూడా ఆ బాన ఖాళీ కాలేదు. కూతురింటికి పోతే రెండో రాత్రి ఉండేది కాదు. బాన దగ్గర ఎవరూ లేరు కదా! పిల్లలు పళ్లెంలో మెతుకు వదిలితే ఆమె మొహంలో కనిపించేది కోపమనుకునేవాణ్ణి చిన్నప్పుడు. భయం అది. ఒకసారి మా చిన్నాన్న ఆమెని పొగుడుతూ "అంత కరువు చూసినావు గాబట్టే ఇంత గట్టిగుండావు మా" అంటే ఆమె అన్నది: "మెత్తగుండేదానికి మమ్మల్ని ఎవురు వదిల్నారు నాయినా?"

ఈ ఒక్క ప్రశ్న నన్ను చాలా ఏళ్లు వెంటాడింది. గట్టిదనం ఆమె సంపాదించుకున్నదనే మేమందరం అనుకున్నాం. ఆమె లెక్కలో అది మెత్తగా ఉండే అవకాశం పోయాక మిగిలినది.

గట్టిదనమూ బలమూ ఒకటి కావని చెప్పడానికి మా నీళ్లే సాక్ష్యం. బోర్లు లోతుకి పోయేకొద్దీ చాలా ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లే దిక్కయ్యాయి. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే ఎముక సాంద్రత పెరుగుతుంది. ఎక్స్‌రేలో చూస్తే మామూలు ఎముక కంటే దట్టంగా, తెల్లగా కనబడుతుంది. కానీ ఆ ఎముక పెళుసు. కీళ్లు బిగుసుకుపోతాయి, నడుం వంగదు. ఎక్స్‌రే వరకే చూసేవాడికి అది గట్టి ఎముకే.

*

మనస్తత్వ శాస్త్రం ఏమంటోంది? 1990ల్లో రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్‌హూన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, పెద్ద దెబ్బ తిన్న తర్వాత కొందరిలో కనిపించే ఎదుగుదలని కొలవడానికి ఇరవై ఒక్క ప్రశ్నల పట్టిక తయారుచేశారు. మనుషులతో దగ్గరతనం పెరిగిందా, జీవితం విలువ తెలిసొచ్చిందా, నేను అనుకున్నదానికంటే బలవంతుణ్ణని తెలిసిందా, ఇలాంటివి. చాలామంది అవునని చెప్పారు. అబద్ధం చెప్పారని ఎవరూ అనడం లేదు. కానీ ఆ పట్టిక అడిగేది ఇవాళ కూర్చుని నిన్నటి నిన్ను గుర్తుచేసుకుని చెప్పమని. 2009లో పట్రీషియా ఫ్రేజియర్, ఆమె సహచరులు వేరే దారి పట్టారు. కాలేజీ విద్యార్థుల్ని ముందే కొలిచిపెట్టుకున్నారు. తర్వాతి కొద్ది వారాల్లో వాళ్లలో వందమందికి పైగా ఏదో ఒక ఘోరమైన అనుభవం ఎదురైంది. వాళ్లని మళ్లీ కొలిచారు. "నేను ఎదిగాను" అని వాళ్లు చెప్పినదానికీ, రెండు కొలతల మధ్య నిజంగా వచ్చిన తేడాకీ పెద్దగా పొంతన కుదరలేదు.

ఇంకొకటి మనకి దగ్గరది. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో తమిళనాడు చెరకు రైతులు 464 మందికి కోతకి ముందు, కోత తర్వాత ఒకే రకం ఆలోచన పరీక్షలు పెట్టారు. మనిషి అతనే. చేతిలో డబ్బులేని నెలల్లో మార్కులు తక్కువొచ్చాయి, పంట డబ్బు చేతికొచ్చాక పెరిగాయి. లేమి మనిషి బుద్ధిని పదునుపెట్టలేదు, దాంట్లో కొంత భాగాన్ని అద్దెకి తీసేసుకుంది. అప్పు గడువు ఎప్పుడు, ఫీజు ఎట్లా, ఎవర్నడగాలి అనే లెక్కలు వెనక నడుస్తూ ఉంటే మిగతా పనులకి మెమరీ మిగలదు. ప్రోగ్రామర్‌కి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

*

అయితే కష్టం ఎప్పుడూ నష్టమేనా? అలా తేల్చెయ్యడం కూడా తప్పే. దానికి మా జిల్లా పంటే జవాబిస్తుంది.

చెనిక్కాయ రైతులకి ఒక పాత సంగతి తెలుసు. మొలకెత్తాక మొదటి పాతిక రోజులు కొంచెం బెట్ట తగిలితే పైరు చెడదు, ఇంకా మంచిది. తడి కోసం వేరు లోతుకి దిగుతుంది. తర్వాత వాన పడగానే పూత ఒక్కసారిగా వస్తుంది. 1980ల్లో పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఈ పంట మీద వేర్వేరు దశల్లో నీళ్లు ఆపి చూశారు. పూతకి ముందు బెట్టకి గురై, ఆ తర్వాత నీళ్లందిన పైరు, మొదటినుంచీ తడి ఉన్న పైరు కంటే ఎక్కువ దిగుబడి ఇచ్చిన సందర్భాలున్నాయి. అదే బెట్ట ఊడలు దిగేటప్పుడో, కాయ ఊరేటప్పుడో వస్తే పంట పోతుంది. మొక్క చావకపోవచ్చు. పచ్చగా నిలబడే ఉంటుంది. పీకి చూస్తే కాయల్లో గింజ ఉండదు.

బెట్ట బలపరుస్తుందా అనే ప్రశ్నకి నాకు తెలిసినంతలో ఇంతకంటే నిజాయితీ గల జవాబు లేదు. బలపరుస్తుంది, మూడు షరతుల మీద. సరైన వయసులో రావాలి. కొలతలో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ తర్వాత వాన పడాలి. నిజానికి దిగుబడి తెచ్చింది వాన. బెట్ట చేసింది ఆ వానని అందుకునే వేరుని కిందికి పంపడం వరకే. వాన రాకపోతే ఆ లోతైన వేరు వల్ల ఏ ఉపయోగమూ లేదు.

మా వృత్తిలోనూ ఇంతే. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు తమ సర్వర్లని కావాలని పడగొట్టే కేయాస్ మంకీ అనే ప్రోగ్రామ్ రాసుకున్నారని అందరూ చెప్పుకుంటారు. సర్వర్ పడిపోవడం వల్ల సిస్టమ్ బలపడిందని దాన్నిబట్టి అనుకుంటే పొరపాటు. పనివేళల్లో, ఇంజినీర్లు ఎదురుగా ఉన్నప్పుడు పడగొట్టి, ఎందుకు పడిందో రాసి, కోడ్ మార్చారు కాబట్టి బలపడింది. ఎవరూ పట్టించుకోని సర్వర్ వందసార్లు పడితే నూటొకటోసారి కూడా పడుతుంది.

మనుషుల్లో కూడా ఆ వాన జాడ వెతికితే దొరుకుతుంది. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు కొని మొదలుపెట్టిన టింబక్టు కలెక్టివ్‌ని చూడండి. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు పొదుపు సహకార సంఘాలు పెట్టుకున్నారు. సొంతంగా అప్పులిచ్చుకుంటున్నారు, లెక్కలు రాసుకుంటున్నారు. వాళ్లని చూసి "కరువు వీళ్లని ఎంత ధీరల్ని చేసిందో" అనడం చాలా సులభం. కానీ అదే కరువుని అనుభవించిన వేరే ఊళ్లలోంచి ఆడవాళ్లు వలస బస్సులెక్కారు. కదిరి వైపు నుంచి ఆడపిల్లల్ని పనిప్పిస్తామని తీసుకుపోయి దూర నగరాల్లో అమ్మేసిన కథలూ ఈ ప్రాంతానివే. రెండు చోట్లా కరువు ఉమ్మడి. సంఘం ఒక్కచోటే ఉంది. బలం లెక్క దేని ఖాతాలో రాయాలి మరి?

*

ఎవరికి లాభం అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది.

1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్, కరువు ఖర్చు తగ్గించడానికి రిచర్డ్ టెంపుల్‌ని మద్రాసు ప్రెసిడెన్సీకి పంపాడు. మూడేళ్ల ముందు బీహార్ కరువులో ఎక్కువ ఖర్చు పెట్టాడని తిట్లు తిని ఉన్నాడాయన. వచ్చీ రాగానే సహాయ పనుల్లో కూలికి రోజుకి ఒక పౌండు ధాన్యం, కొంచెం చిల్లర చాలన్నాడు. రాళ్లు కొట్టే మనిషికి అది సరిపోదని మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ గట్టిగా పోట్లాడాడు. ఆ తగాదాని ఒక్క మాటలో చెప్పాలంటే: వీళ్లు ఎంత తక్కువతో తట్టుకోగలరు? మనిషి తట్టుకోగల శక్తి మీద ప్రభుత్వానికి ఆసక్తి పుట్టిందంటే, చాలాసార్లు అది ఆ శక్తి అంచుదాకా మనిషిని నెట్టడానికే. "తట్టుకోగలరు" అనే పొగడ్తకీ "తట్టుకోనీ" అనే ఆదేశానికీ మధ్య దూరం చాలా తక్కువ.

టెంపుల్ కాలం పోయింది. మాట పోలేదు. 1990ల చివరినుంచి జిల్లాలో రైతుల ఆత్మహత్యలు వరసగా వార్తలకెక్కాయి. 2004 జూన్‌లో 421 నంబరు జీవో వచ్చింది. కుటుంబానికి లక్ష, అప్పుల పరిష్కారానికి యాభై వేలు. చనిపోయింది అప్పులవల్లేనని డివిజన్ స్థాయి కమిటీ ఒకటి తేల్చాలి. మా పక్క ఊళ్లో అలా భర్తని పోగొట్టుకున్న ఒకామె నాకు తెలుసు. వచ్చినవాళ్లందరూ "ధైర్యంగుండు, పిల్లోళ్లకి నువ్వే దిక్కు" అని పోయేవాళ్లు. ఇంట్లో ఆమె ధైర్యంగా ఉండాలి. ఆఫీసులో తన కష్టాన్ని కాగితం కాగితంగా రుజువు చెయ్యాలి. ఏడవడానికి ఎక్కడా చోటు లేదు. ఆరేడేళ్ల తర్వాత ఇద్దరు పిల్లల్నీ చదివించి నిలబడిందని ఊరంతా మెచ్చుకుంది. ఆ మెప్పు అబద్ధం కాదు. కానీ అంత మెప్పులో, ఆ అప్పు అలా ఎందుకు పెరిగింది, పంట బీమా ఎందుకు రాలేదు అనే ప్రశ్నలు మెల్లగా పక్కకి జరిగిపోయాయి. ఆమె గెలిచింది కదా, ఇంక అడగడానికేముంది?

బలాన్ని పొగడటంలో ఉన్న అసలు చిక్కు ఇదేననిపిస్తుంది నాకు. నిలబడ్డవాళ్లని పొగిడినప్పుడల్లా, పడిపోయినవాళ్లలో ఏదో తక్కువైందని చెప్పకుండానే చెబుతున్నాం. ఆమె భర్త బలహీనుడా? ఆమెకంటే తక్కువ కరువు చూశాడా? ఒకే బావిలో ఎండిన నీళ్లు కదా ఇద్దరివీ.

మరి కష్టపడి వచ్చిన మనిషి తనంతట తానే "అవన్నీ నన్ను గట్టిపరిచాయి" అంటే? అప్పుడు నేను ఫ్రేజియర్ అధ్యయనం తీసి ముందు పెట్టను. తన కష్టానికి తనొక అర్థం ఇచ్చుకోవడం ఆ మనిషి హక్కు. ఆ కథ పట్టుకునే రోజులు గడుస్తుంటాయి కొన్నిసార్లు. అదే మాట పక్కవాడి నోట్లోంచి వస్తే మాత్రం అది వేరే వాక్యం అవుతుంది. "నా కష్టం నన్ను పెంచింది" అనేది జ్ఞాపకం. "నీ కష్టం నిన్ను పెంచింది" అనేది తీర్పు. "వాళ్ల కష్టం వాళ్లని పెంచుతుంది" అనేది పథకం.

ఆ పథకాన్ని నమ్మనివాళ్లు ఎవరో చూడాలంటే అనంతపురం బస్టాండులో జూన్ నెలలో నిలబడితే చాలు. ట్రంకుపెట్టెలు, పరుపుచుట్టలతో పిల్లల్ని హాస్టళ్లకి పంపే తల్లిదండ్రులు కనబడతారు. ఎకరమో రెండెకరాలో అమ్మి, అప్పుచేసి పంపుతున్నారు. కష్టంలో అంత బలం దాగుంటే దాన్ని సొంత పిల్లలకి ఇవ్వకుండా ఎందుకు తప్పిస్తున్నారు? కరువుని లోపలినుంచి తెలిసినవాళ్లు ఇచ్చిన తీర్పు అది. వాళ్లు దాన్ని వ్యాసంగా రాయలేదు, పొలం అమ్మి చెప్పారు.

వ్యవసాయంలో రక్షక తడి అనే మాట ఒకటుంది. పంటంతా తడిపి పెంచేంత నీళ్లు లేనప్పుడు, కాయ ఊరే దశలో సరిగ్గా ఒక్క తడి ఇచ్చి పైరుని కాపాడటం. 2016 ఆగస్టులో సీమలో చెనిక్కాయ ఎండిపోతుంటే ప్రభుత్వం రెయిన్‌గన్లు తెచ్చింది ఇందుకే. అన్ని పొలాలకీ అందిందా, వేళకి అందిందా అన్నది వేరే చర్చ. కానీ ఆ ఆలోచన సరైనది. మొక్క ఎంత మొండిదో చూద్దామని గట్టు మీద నిలబడటం కాకుండా, ఏ వారంలో నీళ్లు అందకపోతే పోతుందో లెక్కేసి ఆ వారంలో నీళ్లు పట్టడం.

దెబ్బతిన్న మనుషుల విషయంలో మనం వెయ్యాల్సిన లెక్క కూడా ఇలాంటిదే. నిలబడ్డవాళ్లని "అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడగడం మానేసి, "ఆ రోజుల్లో నీకు ఎవరు తోడున్నారు, ఎవరు అప్పు ఆపారు, ఎవరు అన్నం పెట్టారు?" అని అడిగితే, ఇంకా పడుతున్నవాళ్లకి పనికొచ్చే జవాబులు దొరుకుతాయి. మా అవ్వని నేను అలా అడగలేదు, ఆమె ఉన్నప్పుడు నాకు ఈ ప్రశ్న తట్టలేదు. ఇప్పుడు అడగదగినవాళ్లు జిల్లాలో ఇంకా చాలామందే ఉన్నారు.